ఖాళీ లేని తెర

తెర నల్లబడితే ముక్తేశ్వరరావుని పిలవాలి. ముప్పయ్యేళ్ళుగా విశాఖపట్నంలో కంప్యూటర్లున్న ప్రతి ఆఫీసుకీ ఈ సంగతి తెలుసు. యంత్రం బతికే ఉంటుంది, లోపల పని జరుగుతూనే ఉంటుంది, తెర మీద మాత్రం బొమ్మ రాదు. అందరూ కలిసి అన్నీ చెరిపేసి మొదటినుంచి ఎక్కిద్దామనుకునే సమయానికి ఆయన వస్తాడు. కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. ఏ మీటా నొక్కడు. యంత్రం తనకి జరిగినవన్నీ వరసగా రాసి పెట్టుకునే లాగ్ ఒక్కటే తెరిచి, పేపరు చదివినట్టు చదువుతాడు. "పాపం, అన్నీ చెప్పుకుని ఏడ్చింది. వినేవాడే లేడు" అంటాడు. ఆ తర్వాత ఒక్క మాట మారుస్తాడు, బొమ్మ వస్తుంది. ఈ మాత్రం దానికి ఆయనకి కొంచెం గర్వం కూడా ఉంది. ఉండొద్దా మరి!

అందుకే డాక్టర్ ఇందుమతి ఫోన్ చేసి, "మా దగ్గర ఒక తెర నల్లగా ఉండిపోయింది సార్, పది రోజులైంది" అన్నప్పుడు ఆయన ఎప్పుడూ అడిగేదే అడిగాడు.

"ఏ కంపెనీ తెరండీ?"

"కంపెనీ కాదు సార్, మనిషి" అందావిడ.

సింహాచలం కొండకి అవతలి వైపు ఉంది ఆ పరిశోధనాలయం. ఇందుమతి మెదడు డాక్టరు. పన్నెండేళ్ళు కష్టపడి ఒక పొర తయారుచేసింది. ఉల్లిపొర దానికంటే మందంగా ఉంటుంది. దాని నిండా కంటికి కనపడని పదహారు వేల మొనలు. తల వెనక, పుర్రె కింద, చూపుకి సంబంధించిన మెదడు మీద ఆ పొరని పరుస్తారు. కళ్ళజోడులో ఉన్న చిన్న కెమెరా బొమ్మని నడుముకి కట్టుకున్న పెట్టెకి పంపిస్తుంది, పెట్టె పొరకి పంపిస్తుంది, పొర మెదడులో చుక్కలు వెలిగిస్తుంది. లాబులో అందరూ ఈ మొత్తాన్నీ కలిపి రెప్ప అంటారు. పెట్టెలో నడిచేది మాత్రం ముక్తేశ్వరరావు ఇన్నాళ్ళూ కుస్తీ పట్టిన యూనిక్స్ జాతి ఆపరేటింగ్ వ్యవస్థే. అందులో తెరని ఏలే ప్రోగ్రాం ఒకటుంటుంది, తెర సర్వర్ అంటారు. దానికి ఏ తెర, ఎన్ని గీతలు, సెకనుకి ఎన్నిసార్లు అని ఒక ఫైల్లో రాసివ్వాలి. ఆ ఫైలు దగ్గరే ముగ్గురు నిపుణులు చేతులెత్తేశారు.

"మానిటర్ ఎక్కడుంది?" అన్నాడు ముక్తేశ్వరరావు గదిలోకి వస్తూనే.

"నేనేనండి. తిడితే తిరిగి తిట్టే మానిటర్ని" అంది కిటికీ పక్కన కూర్చున్న మనిషి. ఆవిడ ఒళ్ళో దళసరి కాగితాలున్నాయి. మాట్లాడుతూనే వేళ్ళతో వాటిని తడుముతోంది. ఆమె పేరు పైడితల్లి. నలభై నాలుగేళ్ళు. పుట్టుకతోనే చూపు లేదు. విజయనగరంలో ఒక బ్రెయిలీ అచ్చాఫీసులో తప్పులు దిద్దే పని. పక్కనే కేరేజీ పట్టుకుని నిలబడ్డాయన ఆమె భర్త ఎర్రినాయుడు. ఆయనకీ పుట్టుకతోనే చూపు లేదు. అదే అచ్చాఫీసులో రేకుల మీద చుక్కలు పొడిచే యంత్రం నడుపుతాడు. నోట్లోంచి మాట రావడమే కష్టం.

"పొర పెట్టి రెండు నెలలైంది. పుండు మానేదాకా రెప్ప ఏమీ పంపలేదు, మెదడులో ఏం జరుగుతోందో ఊరికే విన్నది. ఇప్పుడు పంపిస్తుంటే ఆవిడకి ఏమీ తెలియట్లేదు" అంది ఇందుమతి.

ముక్తేశ్వరరావు లాగ్ చదివాడు. మామూలు తెరయితే తీగ తగిలించగానే నేను ఫలానా, నాకిన్ని గీతలు అని తనే చెప్పుకుంటుంది. ఈవిడ తల ఏమీ చెప్పలేదు. నిపుణులు పుస్తకాల్లోంచి చూపున్నవాళ్ళ లెక్కలు తెచ్చి పోశారు.

"పాతకాలం తెరలూ అంతేనమ్మా, నోరు విప్పేవి కావు. మనమే నెమ్మదిగా బుజ్జగించి కనుక్కోవాలి. తొందరపడి ఎక్కువ వేగం పంపితే కీచుమని కాలిపోయేవి. నేనే రెండు కాల్చాను" అన్నాడు.

ఇందుమతి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అందుకే అడుగునుంచి వద్దాం" అన్నాడాయన. ముందుగా ఫైలుకి ఒక నకలు తీసి దానికి 'పాతది' అని పేరు పెట్టాడు. ఆయన అలవాటు అది. పాతది ఒకటి దాచకుండా ఆయన ఏ ఫైలూ ముట్టుకోడు. తరవాత వేగం బాగా తగ్గించి సెకనుకి మూడుసార్లు పంపాడు. ఏమీ లేదు. అయిదు. ఏడు. తొమ్మిది. మధ్యమధ్యలో పైడితల్లి ఆవలిస్తోంది. పదకొండు దగ్గర ఆవిడ వేళ్ళు కాగితం మీద ఆగిపోయాయి.

"ఏటో వచ్చింది."

"ఏమిటమ్మా?"

"తెలీదు. ఇందాక లేదు. ఇప్పుడుంది. నా ముందర, అంతటా."

ముక్తేశ్వరరావు పెట్టెకి తగిలించిన మామూలు మానిటర్ వైపు చూశాడు. అక్కడేముంది? బొమ్మ ఇంకా మొదలవలేదు. ఉత్త నల్ల తెర. అప్పుడు ఆయనకి విషయం తట్టింది. గుడ్డివాళ్ళకి లోకమంతా నల్లగా ఉంటుందని ఇన్నాళ్ళూ ఆయన అనుకున్నాడు. మనకి వీపు వెనక నల్లగా కనిపిస్తుందా? ఏమీ కనిపించదు. పైడితల్లికి నలభై నాలుగేళ్ళుగా ముందు కూడా అంతే. ఆవిడ ఇప్పుడు మొదటిసారి నలుపు చూస్తోంది.

"దాని మూల్న ఇంకోటుంది బాబూ. వస్తంది, పోతంది. వస్తంది, పోతంది. నన్ను పిలుస్తన్నట్టుంది" అంది పైడితల్లి. ఆవిడ గొంతు చిన్నపిల్ల గొంతులా అయిపోయింది.

అది కర్సర్. ఏం టైపు చేస్తావో చెయ్యి అని మూలన మిణుకుమిణుకుమనే చిన్న గీత. ముప్పయ్యేళ్ళలో దాన్ని ఎన్ని లక్షలసార్లు చూశాడో! ఒక్కసారి కూడా గౌరవించలేదు. ఆయనకి తెలియకుండానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

మర్నాడు బొమ్మ పంపాలి. తెర సర్వర్‌ని మొదలుపెట్టగానే అది మొరాయించింది. లాగ్ చివర ఇలా రాసుంది: 'ఈ తెర మీద ఇప్పటికే ఒక సర్వర్ నడుస్తోంది. నడవడం లేదని మీకు నమ్మకమైతే తాళం ఫైలు తీసేసి మళ్ళీ మొదలుపెట్టండి.'

ముక్తేశ్వరరావుకి నవ్వొచ్చింది. ఇది ఎన్నిసార్లు చూసిన తగువు! ఒక తెరని ఒకే సర్వర్ ఏలాలి కాబట్టి, ఏలే సర్వర్ ఏదైనా ముందుగా ఒక తాళం ఫైలు వేసుకుంటుంది. కరెంటు పోయో, మధ్యలో ఆగిపోయో ఆ సర్వర్ చచ్చిపోతే తాళం మాత్రం మిగిలిపోతుంది. చచ్చినవాడి తాళం తీసెయ్యడమే. అయినా ఆయన జాగ్రత్తపరుడు. పెట్టెలో నడుస్తున్న ప్రోగ్రాములన్నీ వరసగా చూశాడు. సర్వర్ అన్నదే లేదు. ఇందుమతి రిపోర్టు తిరగేశాడు. 'పుట్టుకతో అంధత్వం. చూపు ప్రాంతం ఖాళీ' అని ఉంది.

"ఖాళీయేనా డాక్టరమ్మా?"

"ఖాళీయే సార్. దానికెప్పుడూ పనే లేదు."

ఆయన తాళం తీసేశాడు.

బొమ్మ వచ్చింది. పైడితల్లి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. తర్వాత ఒక చెయ్యి వదిలి ఎత్తింది, ఎత్తి అలాగే ఉండిపోయింది. బూడిదరంగు చుక్కలతో గీసిన అయిదు వేళ్ళు.

"ఏటో కదులుతంది. నేను కదిపితేనే కదులుతంది."

"అది నీ చెయ్యేనమ్మా."

"నాదే!" అంది. ముందుకి తిప్పింది, వెనక్కి తిప్పింది. ఒక్కో వేలూ ముడిచి విప్పింది. పది నిమిషాలు అదే పని. ఎవరూ అడ్డం రాలేదు. తర్వాత గదిలో ఉన్న ఆకారాల వైపు తల తిప్పింది. ఏది కుర్చీయో ఏది మనిషో ఆవిడకి తెలియడం లేదు.

"మావా, ఏటైనా మాటాడు" అంది.

"ఏటి మాటాడమంటావే?" అన్నాడు ఎర్రినాయుడు సిగ్గుపడుతూ.

"అదిగో, ఆ కదిలిందే నువ్వు" అంది. లేచి తడబడుతూ వెళ్ళి, వేలితో ఆయన పెదవులు తాకి చూసుకుంది. చేతితో ఇరవయ్యేళ్ళుగా తెలిసిన మొహమే. ఇందుమతి గోడ వైపు తిరిగి నిలబడింది. ముక్తేశ్వరరావు మాత్రం దాచుకోలేదు, జేబురుమాలు తీసి హాయిగా ఏడ్చాడు.

నాలుగో రోజు పొద్దున్న ఆయన కెమెరా సరిచెయ్యడానికి విజయనగరం వెళ్ళాడు. ఎర్రినాయుడు అప్పటికే అచ్చాఫీసుకి వెళ్ళిపోయాడు. పైడితల్లికి మూడు వారాల సెలవిచ్చారు. ఆవిడ గుమ్మంలోనే ఎదురొచ్చి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి తన వైభవమంతా చూపించింది. గోడ మీద కాకి ఎలా గెంతుతుందో చూపించింది. పొయ్యి మంట ఒక్కచోట ఉండి కూడా ఊరుకోదని చెప్పింది. నీడ అన్నది ఒకటుంటుందని తనకెవరూ చెప్పలేదని ఊరందరి మీదా కోప్పడింది.

టీ మాత్రం ఉప్పగా ఉంది.

ముక్తేశ్వరరావు మొహం ఆవిడకి ఇంకా చదవడం రాదు కాబట్టి ఆయన మర్యాదగా గుటకలు వేశాడు. వేస్తూ వంటింటి అలమర వైపు చూశాడు. ప్రతి డబ్బా మీదా చుక్కలు పొడిచిన రేకు ముక్క అంటించి ఉంది. కొన్ని డబ్బాలు మూతలు తీసి వాసన చూసి పక్కన పెట్టినట్టున్నాయి. బల్ల మీద బోర్లించిన గ్లాసు కింద నాలుగు కార్డులు.

"ఇవేంటమ్మా?"

"ఆయన రాసినవి. పొద్దున్నే నేను లేవకముందే పోతాడు కదా, రోజుకోటి రాసి గ్లాసు కింద పెడతాడు. పెళ్ళైన కాణ్ణించీ అంతే."

"నాలుగు రోజులవీ ఇక్కడే ఉన్నాయి. చదివే తీరిక లేదా, కాకుల్ని చూడ్డంతో?" అని ఆటపట్టించాడు.

"చదువు పోయింది బాబూ."

ఆయనకి అర్థం కాలేదు. ఆవిడ ఒక కార్డు తీసి వేళ్ళ కింద పెట్టుకుంది. "చుక్కలు తెలుస్తన్నాయి. ఇక్కడ రెండు, ఇక్కడ మూడు. లెక్కెట్టమంటే లెక్కెడతాను. అక్షరం తెలట్లేదు. పోపుల పెట్టిలో ఆవాలు తడిమినట్టుంది."

"ఎప్పట్నించి?"

"మీరు బొమ్మ పంపిన కాణ్ణించి."

"పెట్టె ఆపి చూశావా?"

"ఆపి చూసినాను. అదీ లేదు, ఇదీ లేదు." కార్డు మళ్ళీ గ్లాసు కింద పెట్టేసింది. "ఆయనకి చెప్పలేదు. చెప్తే ఈ చూపు తీయించీమంటాడు. నాకు ఇది కావాల. కానీ అచ్చాఫీసులో నేను చదువుతాననే కదండి నన్నుంచుకున్నారు? చదువు లేకపోతే నేనెవర్ని?"

ముక్తేశ్వరరావు వచ్చే రైలుకే విశాఖపట్నం తిరిగొచ్చేశాడు.

లాబుకి వచ్చి, రెప్ప ఊరికే విన్నప్పటి లాగ్ తెరిచాడు. అది ఎవరూ చదవలేదు. పుండు మానుతున్న రోజుల్లో ఏముంటుందిలే అనుకున్నారు. అందులో తాళం ఎప్పుడు పడిందో వెతికాడు. పొర పెట్టిన తొమ్మిదో రోజు, ఉదయం పదిన్నరకి. కారణం కూడా రాసుంది: 'ఈ తెర మీద క్రమంగా బొమ్మలు మారుతున్నాయి. ఎవరో నడుపుతున్నారు. తాళం వేస్తున్నాను.'

ఎవరో నడుపుతున్నారు! ఆయన ఆ సర్వర్ కోసం పెట్టెలో వెతికాడు. తలలో వెతకలేదు.

ఆ పదిన్నర గంటలప్పుడు పొర విన్నదాన్ని మానిటర్ మీద బొమ్మగా వేసి చూశాడు. ముందు ఏదో వానజల్లులా ఉంది. వేగం తగ్గించాడు. జల్లు విడిపోయింది. రెండు నిలువు వరసలు, వరసకి మూడు స్థానాలు, ఆరు చుక్కల గడి. కొన్ని చుక్కలు వెలిగాయి, కొన్ని వెలగలేదు. ఆ గడి ఆరిపోయి పక్కన ఇంకోటి వెలిగింది. ఆ పక్కన ఇంకోటి. ఎడమనుంచి కుడికి వెళ్ళి, చివరికి చేరి, ఒక్క గెంతులో మళ్ళీ ఎడమకి వచ్చి కింది వరస అందుకున్నాయి.

ఆయన నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు. అది పైడితల్లి చదువుతున్న కాగితం. వేలి కింద చుక్క తగిలినప్పుడల్లా ఆవిడ తలలో, చూపు ఉండాల్సిన చోట, ఒక చుక్క వెలుగుతోంది. ఖాళీ అని డాక్టర్లు రాసిన చోట నలభయ్యేళ్ళుగా అక్షరాల దీపాలు వరసలు తీరి నడుస్తున్నాయి. కన్ను దారి మూసుకుంటే వేలు ఇంకో దారి తవ్వుకుని అక్కడికే వెళ్ళింది. దానికి ఎవరూ ఫైలు రాసివ్వలేదు, ఎవరూ వేగం చెప్పలేదు. అంతటి యంత్రాన్ని తను చచ్చినవాడి తాళమని అనుకుని తీసి పారేశాడు. దానికి పాతది అనే నకలు ఎక్కడా లేదు.

రెండు రోజులు ఆయన బ్రెయిలీ పట్టిక గోడకి అంటించుకుని ఒకటో తరగతి పిల్లాడిలా అక్షరాలు దిద్దాడు. మూడో రోజు పైడితల్లినీ ఎర్రినాయుణ్ణీ పిలిపించాడు. ఇందుమతి ఎదురుగానే ఒప్పుకున్నాడు.

"తాళం తీసింది నేనేనమ్మా. లోపల ఎవరో ఉన్నారని యంత్రం చెప్పింది. నేను వినలేదు. నీ చదువు పోగొట్టింది నేను."

చదువు పోవడమనే మాట ఎర్రినాయుడు అప్పుడే విన్నాడు. భార్య వైపు తల తిప్పాడు. "నా కార్డులు?" అన్నాడు.

"చదవలేదు మావా. ఏడు రోజులవీ చదవలేదు."

"పోనీలే. నోటితో చెప్తాను" అన్నాడాయన.

"నువ్వు చెప్పవు. నోటితో ఉప్పు, పప్పు, కరెంటు బిల్లు చెప్తావు. కార్డు మీద వేరేవి రాస్తావు" అంది పైడితల్లి. ఎర్రినాయుడు తల దించుకున్నాడు. మిగిలిన ఇద్దరూ ఆ వేరేవి ఏమిటని అడగలేదు.

ముక్తేశ్వరరావు మానిటర్‌ని ఆవిడ కళ్ళజోడుకి ఎదురుగా తిప్పాడు. పాత రికార్డు పెట్టాడు. వెలిగే గడులు ఒకదాని తర్వాత ఒకటి సాగిపోతున్నాయి.

"ఇవేటి? బావున్నాయి" అంది పైడితల్లి.

"నీ చదువమ్మా. పోయిన నెలలో నువ్వు చదువుతుంటే నీ తలలో వెలిగినవి."

ఆవిడ దగ్గరగా వంగింది. ఇంతకాలం తన లోపల ఉన్నదాన్ని ఇప్పుడు బయటినుంచి చూస్తోంది, చూస్తోంది కానీ ఒక్క అక్షరం రావడం లేదు. "ఏటి రాసుంది?" అని అడిగింది.

ముక్తేశ్వరరావు గోడ మీది పట్టిక చూసుకుంటూ కూడబలుక్కున్నాడు. "క... కళ్ళు... కళ్ళుపు?"

"కల్లుప్పు" అన్నాడు ఎర్రినాయుడు ఠక్కున. "కల్లుప్పు అయిపోయింది, తెస్తాను అని రాసినాను ఆ వేళ."

ముందు పైడితల్లి నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే ఆవిడ కళ్ళజోడు తీసేసి చీర చెంగుతో మొహం తుడుచుకుంది.

అప్పుడు ఇందుమతి అసలు సంగతి చెప్పింది. వాడకుండా వదిలేస్తే చదువు దారులు పది పన్నెండు రోజుల్లో పూర్తిగా మూసుకుపోతాయి. ఏడు రోజులైపోయాయి. పెట్టె ఆపినంత మాత్రాన అవి లేవవు, లేపాలి. ముక్తేశ్వరరావు ఒక ఉపాయం చెప్పాడు. తెరని రెండు భాగాలు చేద్దాం. ఎడమ సగం బొమ్మకి. కుడి సగంలో రెప్ప తన సొంత చుక్క ఒక్కటి కూడా వెలిగించదు, అది చదువుకి వదిలేస్తుంది. ముందు కొన్నాళ్ళు బొమ్మ పూర్తిగా ఆపి, ఆ కుడి సగంలో రికార్డులో ఉన్న పైడితల్లి పాత చదువునే ఆమెకి తిరిగి వెలిగించి చూపాలి, అదే సమయంలో అదే పేజీ ఆమె వేళ్ళ కింద ఉండాలి. దారి గుర్తొస్తే వేలు మళ్ళీ అందుకుంటుంది.

"అందుకోకపోతే?" అన్నాడు ఎర్రినాయుడు.

ముక్తేశ్వరరావు డాక్టరు వైపు తిరిగాడు. ఇందుమతే చెప్పింది. "రెండూ కలగాపులగమై రెండూ పోవచ్చు. ఇది ఎవరూ చెయ్యలేదు. ఇప్పుడున్న చూపు చాలనుకుంటే ఉంచేసుకోవచ్చు పైడితల్లిగారూ. నిజం చెప్పాలంటే నాకదే ఇష్టం. లోకంలో పుట్టుగుడ్డితనం పోయిన మొదటి మనిషి మీరు. కానీ నా ఇష్టంతో మీకు పని లేదు."

పైడితల్లి కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. కిటికీలోంచి కొండని చూసింది. తన చెయ్యి చూసుకుంది. చివరికి భర్తని చూసింది. ఆయన బల్ల అంచుని వేలితో గీకుతున్నాడు.

"నీ తల, నీ ఇష్టమే" అన్నాడాయన. "నాకోసం చెయ్యకు."

"నీకోసం కాదు. కార్డులు నాకొచ్చినవి, నేను చదువుకోవాల" అంది పైడితల్లి. ముక్తేశ్వరరావు వైపు తిరిగింది. "సగం చూపు చాలు బాబూ. సగం చదువు మాత్రం వద్దు, మొత్తం కావాల. ఈసారి లోపలున్నవాళ్ళని అడిగి చెయ్యండి."

ఆయన అలాగే చేశాడు. ప్రోగ్రాంలో ఒక నియమం రాశాడు. ఏ చుక్క వెలిగించబోయినా ముందు అక్కడ ఎవరైనా ఉన్నారేమో విని, ఉంటే తప్పుకోవాలి. నాలుగు రోజులు బొమ్మ ఆపేశారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పైడితల్లి పాత పేజీల మీద వేళ్ళు నడిపింది, ఆవిడ వేగానికి తగ్గట్టు ముక్తేశ్వరరావు పాత వెలుగుల్ని వదిలాడు. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజు తలనొప్పితో వాంతి చేసుకుంది. మూడో రోజు సాయంత్రం, ఆయన అలసిపోయి వెలుగుల్ని వదలడం మర్చిపోయాడు. మానిటర్ మీద కుడివైపు ఒక గడి దానంతటదే వెలిగింది.

"మ" అంది పైడితల్లి. "ఇది మ."

ముక్తేశ్వరరావు మీటల మీంచి చేతులు తీసేశాడు. ఆవిడ వేలు కదులుతోంది, పక్కన ఇంకో గడి వెలిగింది. "ల." ఆయన ఏమీ పంపడం లేదు. లోపలివాళ్ళు లేచారు.

నాలుగో రోజుకి అక్షరాలన్నీ వచ్చాయి. అంకెలు రాలేదు. ఎంత ప్రయత్నించినా అంకెలు మాత్రం ఆవాలుగానే ఉండిపోయాయి. ఇక ముందు పేజీ నంబర్లు దిద్దడానికి అచ్చాఫీసులో ఇంకొకరు ఉండాలి. చూపు ఎడమ సగమే మిగిలింది. కుడివైపు వచ్చే సైకిలు ఆవిడకి కనపడదు. వరసలో ఉన్న ఆరుగురికి చెయ్యాల్సిన ఆపరేషన్లు ఇందుమతి తనే ఆపేసింది. వాళ్ళందరూ బ్రెయిలీ చదివేవాళ్ళే. ఖాళీ అనే మాట ఇక ఏ రిపోర్టులోనూ రాయొద్దని తన మనుషులకి చెప్పింది. ఆవిడ మొహంలో అలసట ఉంది, కానీ ముక్తేశ్వరరావు వేసిన ఆ వెలుగు గడుల బొమ్మని మాత్రం పదేపదే పెట్టించుకుని చూస్తోంది.

అయిదో రోజు పొద్దున్న బొమ్మ సగాన్ని మళ్ళీ మొదలుపెట్టారు. ఎర్రినాయుడు ఎదురుగా కూర్చున్నాడు. పైడితల్లి ఎడమవైపు ఆయన మొహం బూడిదరంగు చుక్కలుగా వచ్చింది. ఆవిడ తేలిగ్గా ఊపిరి తీసుకుంది. అప్పుడు ఎర్రినాయుడు జేబులోంచి ఒక కార్డు తీసి బల్ల మీదికి జరిపాడు. రాత్రి రాశాడట. పైడితల్లి ఆయన్ని చూస్తూనే దాని మీద వేలు పెట్టింది.

వేలు రెండంగుళాలు నడిచి ఆగిపోయింది. ముక్తేశ్వరరావు మానిటర్ వైపు వంగాడు. కలగాపులగం అయిపోయిందేమో!

"మావా" అంది పైడితల్లి మెల్లగా. "నువ్వు ఇటుపక్క కనిపిస్తన్నావు. నీ పక్కన, గాల్లో, నీ మాట వెలుగుతంది."

"ఏటి?"

"అక్షరాలు. నా వేలు ఎక్కడుంటే అది వెలుగుతంది. నీ మొహం ఎలగ కనిపిస్తందో ఇవీ అలగే కనిపిస్తన్నాయి. ఇన్నాళ్ళూ ఉన్నవే. ఇదే చూడటమని నాకు తెలీదు, ఇంకో చూపుంటే కదా పోల్చుకుందుకు!"

ఎర్రినాయుడికి అందలేదు. "ఎలగుంటాదే అది?" అని అడిగాడు. వారం రోజులుగా అడగాలనుకుని అడగలేకపోయిన ప్రశ్న అది. "చూడటం అంటే ఎలగుంటాది?"

పైడితల్లి కార్డుని ఆయన వైపు తిప్పి, ఆయన చెయ్యి పట్టుకుని, చూపుడువేలు మొదటి అక్షరం మీద పెట్టింది.

"చదువు."

ఆయన వేలు నడిపాడు.

"ఇప్పుడు నీ తలలో ఏటో అయింది కదా? ఆ అక్షరం వచ్చి నిలబడింది కదా?"

"నిలబడింది."

"అదే మావా. నీకూ కనిపిస్తన్నాది. ఇన్నాళ్ళూ మనిద్దరం చూస్తానే ఉన్నాం."

ఎర్రినాయుడు కార్డు దగ్గరికి లాక్కుని, తను రాసినదాన్నే మొదటి అక్షరం దగ్గర్నించి, చాలా నెమ్మదిగా, మళ్ళీ చదవడం మొదలుపెట్టాడు.